దీపం కింద పూరేడు

హుద్‌హుద్ తుఫాను రావడానికి ముందు ఏడాది, పుష్యమాసంలో, మా వారపు సంతకి ఒకాయన ప్లాస్టిక్ ట్రేలలో చుక్కల గుడ్లు తెచ్చి అమ్మాడు. ఉసిరికాయంత గుడ్లు. గోధుమరంగు మీద నల్లటి మచ్చలు. మా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని ఎండకి పెట్టి చూసింది. "ఇది పూరేడు గుడ్డే. కానీ పుష్యంలో వాన పూరేడు గుడ్డేటిరా? వానేది, గడ్డేది?" అని నన్నడిగింది. అమ్మేవాడే జవాబు చెప్పాడు. "ఇది మన పూరేడు కాదమ్మా, జపాను పిట్ట. రాత్రిపూట దీపం వేస్తే ఏడాదంతా పెడుతుంది." అమ్మ నవ్వేసింది. "దీపానికి గుడ్డు పెడుతుందా పిట్ట?"

పక్షుల పాఠం ఎన్నేళ్లుగానో చెబుతున్న నాకు ఆ ప్రశ్నకి జవాబు తెలియలేదు. పొదగడం, పిల్లలకు మేత పెట్టడం అన్నీ పాఠంలో ఉన్నాయి. ఏ పిట్ట ఏ నెలలో గుడ్డు మొదలుపెడుతుంది, ఆ నెలలోనే ఎందుకు అన్నది లేదు. ఆ తర్వాత దొరికినప్పుడల్లా చదివి తెలుసుకున్న సంగతులు ఇవి.

ముందు మన పూరేడు సంగతి చెప్పుకోవాలి. మన కొండల్లో పూరేడు అనే పేరు ఒక్క పిట్టది కాదు. తొలకరి పడగానే సామ చేనులోనూ చోడి చేనులోనూ కూత మొదలుపెట్టే, రొమ్ము నల్లగా ఉండే వాన పూరేడు ఒకటి. పొదల్లో గుంపుగా నక్కి ఉండి, మన కాలు మీద పడబోయేదాకా కదలకుండా ఒక్కసారిగా తుర్రుమని లేచేవి ఇంకో రకం. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి వెళ్లిపోయేవి మరో రకం. మూడే వేళ్లున్నది ఇంకొకటి ఉంది. శాస్త్రం ప్రకారం అది అసలు పూరేడే కాదు, దానిలో పెట్ట గుడ్డు పెట్టి వెళ్లిపోతే పుంజు పొదుగుతుంది. వీటన్నిటి కాలాలూ ఒకటి కావు. వాన పూరేడు వానల్లో పెడుతుంది. పొదల పూరేడు వానలు వెనకబట్టాక, ఎండిన గడ్డిలో పెడుతుంది. అడవి కోడి అయితే ఇప్పపువ్వు రాలే రోజుల్లో. ఇదంతా నేను పుస్తకంలో చదవకముందే మా బడిలో ఐదో తరగతి పిల్లలకి తెలుసు. పరీక్షలో ఎవరూ అడగరు కనుక వాళ్లకి తెలుసన్న విషయం మాకు తెలియదు.

పిట్ట తన గుడ్డు ఎప్పుడు పెట్టాలో కడుపులోని ఆకలిని బట్టి కాక, పిల్లల ఆకలిని బట్టి లెక్క వేసుకుంటుంది. గుడ్డు పగిలే రోజుకి బయట పురుగూ పుట్రా, లేత గింజా ఉండాలి. అంటే మూడు నాలుగు వారాల ముందే రాబోయే కాలాన్ని పసిగట్టాలి. మంచు కురిసే దేశాల్లో దానికి నమ్మకమైన గుర్తు పగటి పొడవు. మా ఏజెన్సీలో అతి పొడవైన పగలు పదమూడు గంటలు దాటి ఓ పావుగంట. అతి పొట్టి పగలు పదకొండు గంటలు. తేడా రెండు గంటల పైచిలుకే. జపాను మధ్యభాగంలో ఎండాకాలపు పగలు పద్నాలుగున్నర గంటలు, చలికాలంలో పది గంటల లోపు. కెనడాలోని ఎడ్మంటన్ ఊళ్లో అయితే పదిహేడు గంటలకీ ఏడున్నర గంటలకీ మధ్య ఊగుతుంది. అందుకే అక్కడి పిట్టలు సూర్యుణ్ణి చూసి కాలం తెలుసుకుంటాయి. మన పిట్టలు వాననీ గడ్డినీ కూడా చూసుకోవాలి. అమ్మ "వానేది, గడ్డేది" అనడంలో ఇంత ఉంది.

సంతకొచ్చిన పిట్ట పుట్టిల్లు తూర్పు ఆసియా. జపాను, కొరియా, ఈశాన్య చైనా, మంగోలియా ప్రాంతాల్లో వసంతంలో గుడ్లు పెట్టి, చలికి దక్షిణానికి వలసపోయే పూరేడు అది. జపానువాళ్లు ఉజురా అంటారు. వాళ్లు దాన్ని మొదట ఇంట్లో పెంచుకున్నది గుడ్డు కోసమూ కాదు, మాంసం కోసమూ కాదు. కూత కోసం. ఎదో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా సాగిన షోగున్ల పాలనలో, పూరేళ్ల కూత పోటీలు పెద్ద వేడుకగా జరిగేవి. చక్కగా చెక్కిన పంజరాల్లో పిట్టల్ని తెచ్చి వరుసగా పెట్టి, ఏ పుంజు కూత బాగుందో తేల్చేవారు. దాని కూత వాళ్ల చెవికి "గొకిచ్చో" అని వినబడేది. శుభశకునం అని అర్థం వస్తుందట. కత్తి పట్టిన సమురాయిలకు కూడా ఆ మాట ఇష్టం. మన దగ్గర కోడిపుంజు కత్తి కట్టుకుని ఎగిరితే అక్కడ పూరేడు పుంజు గొంతుతో పోటీపడింది.

పుంజు కూతకీ పెట్ట గుడ్డుకీ కాలం ఒకటే. పగలు పొడవయ్యే రోజుల్లో పుంజు లోపల బీజాలు ఎదుగుతాయి, అప్పుడే కూత వస్తుంది. చలికాలంలో పాట కావాలంటే? జపానులో పాడే పిట్టల్ని పెంచేవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. శిశిరంలో సాయంత్రం చీకటి పడ్డాక పంజరం దగ్గర కొవ్వొత్తి వెలిగించి, పగటిని కొంచెం కొంచెంగా పొడిగించేవారు. కొన్ని వారాలకి, వసంతం ఇంకా చాలా దూరాన ఉండగానే, పిట్ట పాడేది. దీన్ని యోగై అన్నారు, రాత్రి పెంపకం అని అర్థం. విచిత్రం ఏమిటంటే భూమికి అటువైపు హాలెండులో పిట్టలు పట్టేవాళ్లు దీనికి తలకిందులు పని చేశారు. ఎరపిట్టల్ని వేసవంతా చీకటి గదిలో ఉంచి, వలసపిట్టలు వచ్చే శరదృతువులో వెలుగులోకి తెచ్చేవారు. చీకట్లోంచి వచ్చిన పిట్ట వసంతం వచ్చిందనుకుని పాడేది, ఆ పాటకి వచ్చినవి వలలో పడేవి. ఈ రెండు చోట్లా ఆ పని చేసినవాళ్లు పిట్టలు పట్టేవాళ్లు, పెంచేవాళ్లు. ప్రయోగశాల అనే మాట కూడా ఎరగరు. వెలుగు పొడవుకీ పిట్ట కాలానికీ సంబంధం ఉందని శాస్త్రం కన్నా కొన్ని వందల ఏళ్ల ముందు వాళ్లకి తెలుసు.

1868 తర్వాత సమురాయిల కాలం పోయింది, పోటీలూ తగ్గాయి. 1910 ప్రాంతం నుంచి అదే పిట్టను గుడ్డు కోసం ఎంచడం మొదలైంది. ఎక్కువ పెట్టే పెట్టల్ని ఏరి వాటి పిల్లల్నే ఉంచుకోవడం, మళ్లీ వాటిలో ఏరడం. ఆరేడు వారాల్లో గుడ్డుకొచ్చే పిట్ట కనుక ఒక ఏడాదిలో మూడు నాలుగు తరాలు చూడొచ్చు. మన పశువుల్లో అయితే ఒక మనిషి జీవితం పట్టే మార్పు ఇందులో పదేళ్లలో కనబడుతుంది. 1940 నాటికి అది మంచి పరిశ్రమ అయింది. అంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. మనుషులకే తిండి లేని రోజుల్లో పిట్టలకు గింజ ఎవరు వేస్తారు? పెంపుడు పూరేళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. యుద్ధం అయ్యాక మిగిలిన కొద్ది పిట్టల నుంచి మళ్లీ మంద పెంచుకొచ్చారు. అయిచి రాష్ట్రంలోని తొయొహాషి ఊరు దానికి కేంద్రమైంది. గుడ్డు పిట్ట తిరిగొచ్చింది కానీ పాట పిట్ట తిరిగి రాలేదు. కొన్ని వందల ఏళ్లు కూత కోసం ఏరి ఏరి నిలబెట్టుకున్న ఆ జాతి పూర్తిగా పోయింది. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న జపాను పూరేళ్లు గుడ్డు కోసం ఏరిన వాటి సంతతే.

ఇక దీపం సంగతి శాస్త్రవేత్తల చేతికి ఎలా వచ్చిందో చూద్దాం. విలియం రోవన్ అనే ఆయన ఎడ్మంటన్‌లో జంతుశాస్త్రం బోధించేవాడు. 1924 శీతాకాలంలో జంకో అనే చిన్న పిట్టల్ని ఆరుబయట పంజరాల్లో పెట్టి, సాయంత్రం కరెంటు బల్బు వెలిగించి, రోజుకి కొన్ని నిమిషాల చొప్పున వెలుగు పెంచుతూ పోయాడు. గడ్డకట్టే చలి. అయినా పిట్టల బీజాలు వసంతంలో లాగా ఎదిగాయి. అంటే గుర్తు వెచ్చదనం కాదు, వెలుగు. 1925లో ఈ సంగతి ప్రకటించాడు. 1936లో అమెరికాలోని కనెక్టికట్‌లో బిసొనెట్ అనే ఆచార్యుడు, వేట పిట్టల్ని పెంచే ఒకాయనతో కలిసి ఫెజెంట్ కోళ్ల మీద ఇదే చేశాడు. ఫెజెంట్ అంటే పొడుగు తోక అడవి కోడి లాంటిది. మన హిమాలయాల్లోని మోనాల్ ఆ కుటుంబమే. ఆ మాటకొస్తే మన అడవి కోడీ, నెమలీ, కౌజూ, పూరేడూ అన్నీ ఒకే కుటుంబం. అక్కడ ఏప్రిల్‌లో గుడ్డు మొదలుపెట్టే ఆ పిట్టలు రాత్రి దీపం వేసేసరికి జనవరిలో పెట్టాయి. పిల్లలయ్యే గుడ్లే పెట్టాయి.

పిట్ట వెలుగును కంటితో చూసి లెక్క వేస్తుందనుకుంటాం. ఫ్రాన్సులో జాక్ బెన్వా 1930లలో బాతుల మీద చేసిన పనితో అది కాదని తేలింది. చూపులేని బాతులోనూ వెలుగు పని చేసింది. వెలుగు పలుచని పుర్రె ఎముక గుండా నేరుగా మెదడు అడుగు భాగానికి చేరుతుంది. తర్వాత ఈ పరిశోధనకి అందరూ ఎంచుకున్న పిట్ట జపాను పూరేడే. చిన్నది, తొందరగా ఎదుగుతుంది, వెలుగుకు వెంటనే స్పందిస్తుంది. పొట్టి పగళ్లలో ఉంచిన పూరేడుకి ఒక్క పొడుగు రోజు చూపిస్తే చాలు, ఆ రోజు గడవకముందే దాని రక్తంలో మార్పు మొదలవుతుంది. 2008లో నగోయా విశ్వవిద్యాలయంలో యొషిమురా బృందం ఆ దారిని చూపించింది. పగలు పొడవైతే మెదడు అడుగున థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను పుడుతుంది, అది అక్కడికక్కడే గుడ్డుకాలపు తలుపు తెరుస్తుంది. నగోయా ఉన్నది అయిచి రాష్ట్రంలోనే, తొయొహాషి పూరేళ్ల పక్కనే. అమ్మ ప్రశ్నకి జవాబు ఇంతే. దీపానికి గుడ్డు పెడుతుంది. పగలు పొడవయ్యిందని మోసపోయి పెడుతుంది.

మోసం అనే మాట వేసినందుకు కోళ్ల శాఖవాళ్లు కోప్పడవచ్చు. కానీ లెక్క చూడండి. అడవిలో ఈ పూరేడు ఒక కాన్పుకి పది గుడ్లకు అటూ ఇటూ పెట్టి, పదిహేడు పద్దెనిమిది రోజులు కూర్చుని పొదుగుతుంది. రోజుకి పద్నాలుగు నుంచి పదహారు గంటల వెలుగులో ఉంచిన పెంపుడు పూరేడు ఏడాదికి 250 నుంచి 300 దాకా పెడుతుంది. గుడ్డు పది గ్రాములు, పిట్ట నూట యాభై, రెండు వందల గ్రాములు. సాయంత్రం వేళ పెడుతుంది, కోడిలా పొద్దున్న కాదు. ఏ పెట్ట గుడ్డు మీద మచ్చల తీరు ఆ పెట్టదే, అలవాటైన కన్ను గుర్తుపడుతుంది. ఇంత చేసే పిట్ట ఒక్కటి మాత్రం మరిచిపోయింది. పొదగదు. పెట్టిన గుడ్డును తొక్కుకుంటూ వెళ్లిపోతుంది. పొదుగుకి కూర్చున్న పెట్ట గుడ్డు ఆపేస్తుంది కనుక, కూర్చునేవాటిని వదిలేసి కూర్చోని వాటినే తరతరాలుగా ఏరారు. 1990 మార్చి 22న రష్యావాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రంలో ఒక పూరేడు పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చింది. భూమిని వదిలిన చోట పుట్టిన మొదటి పక్షి అది. తల్లి రెక్క కింద పుట్టడం దానికి అప్పటికే లేదు, యంత్రంలో పుట్టడం భూమ్మీదైతేనేం, ఆకాశంలో అయితేనేం.

కోడి కథ దీనికి కొంచెం వేరు, మనకి దగ్గరిది కూడా. పెంపుడు కోడి తల్లి ఎర్ర అడవి కోడి అని అందరికీ తెలుసు. అది మనిషి దగ్గరికి ఎలా వచ్చిందన్నదానిపై 2022లో ఒక పరిశోధన వెలువడింది. నిశ్చయంగా పెంపుడు కోడివే అని చెప్పగల అతి పాత ఎముకలు థాయిలాండ్‌లోని బాన్ నొన్ వాట్ అనే చోట దొరికాయి, క్రీస్తు పూర్వం 1650, 1250 మధ్య కాలానివి. అక్కడి మనుషులు అడవి అంచున మెట్ట వరీ, చిరుధాన్యాలూ పండించడం మొదలుపెట్టాక, ఆ గింజల కోసం అడవి కోళ్లు చేనులోకి దిగి, మెల్లగా మనిషి గడపకి అలవాటుపడ్డాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. అది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. కొండవాలు మీద గింజ చల్లడం, కోత తర్వాత చేనులోకి అడవి కోడి దిగడం మా తాతల పోడులో రోజూ జరిగిన పని. పోడు అంటే అడవిని పాడుచేసేది అని మాత్రమే చదువుకున్న మన పిల్లలకి, ప్రపంచం తినే కోడి అలాంటి చేను అంచునే మచ్చికయి ఉండవచ్చని ఎవరు చెప్పారు?

మచ్చికైన కోడి లోపల కూడా కాలం మారింది. 2010లో స్వీడన్ పరిశోధకులు కోళ్ల జన్యువుల్ని పోల్చి చూస్తే, పూరేడులో చెప్పుకున్న ఆ థైరాయిడ్ హార్మోనును అందుకునే జన్యువు దాదాపు అన్ని పెంపుడు కోళ్లలోనూ మారి ఉంది. ఆ మార్పు కాలం కట్టును సడలించి ఉంటుందని భావిస్తున్నారు. అది బాగా పాకింది సుమారు వెయ్యేళ్ల నుంచేనని 2017లో ఇంకొకరు చూపించారు. యూరపులో క్రైస్తవ మఠాల ఉపవాసాల్లో నాలుగు కాళ్ల జంతువు మాంసం కూడదు, కోడీ గుడ్డూ పరవాలేదు. దాంతో వాటి గిరాకీ పెరిగింది. దేవుడి ఉపవాసం కోడి రక్తంలోకి వెళ్లడం తమాషాగా లేదూ! అయినా మన నాటు పెట్ట కాలాన్ని పూర్తిగా వదల్లేదు. పది పదిహేను గుడ్లు పెట్టి, కూర్చుని, ఇరవై ఒక్క రోజులు పొదిగి, పిల్లల్ని తిప్పి, మళ్లీ గుడ్డుకొస్తుంది. ఏడాదికి మూడు నాలుగు కాన్పులు. పథకాల కాగితాల్లో దీన్ని "తక్కువ ఉత్పత్తి" అని రాస్తారు.

ఇక్కడిదాకా దీపం కథ. గుడ్ల కాలం మీద చెయ్యి వేసినది దీపం ఒక్కటే కాదు, చట్టం కూడా. ఆ కథ ఇంగ్లాండు ఫెజెంట్ల దగ్గర మొదలవుతుంది. అక్కడి జమీందార్లు వేట సరదా కోసం ఫెజెంట్లను పెంచేవారు. వసంతంలో గుడ్ల కాలం మొదలవగానే వేటకాపరులు అడవి గూళ్లలోంచి గుడ్లు ఏరి తెచ్చి, పొదుగుకొచ్చిన నాటు కోళ్ల కింద పెట్టి పిల్లలు తీసేవారు. 1831 నాటి వేట చట్టం ఫెజెంట్ వేటను అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకానే అనుమతించింది. మిగతా నెలలు గుడ్లకీ పిల్లలకీ. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అదే చట్టంలో, హక్కు లేనివాడు గూట్లోంచి గుడ్డు తీస్తే గుడ్డుకి ఐదు షిల్లింగుల దాకా జరిమానా. అప్పటి పొలం కూలీకి వారానికి పది షిల్లింగులకు అటూ ఇటూ వచ్చేది. రెండు గుడ్లంటే వారం కూలి. రాత్రి వేటకు మూడోసారి దొరికితే 1828 చట్టం కింద ఏడేళ్లు దేశాంతరం పంపేవారు. గుడ్లు కాపాడింది పిట్ట కోసమా, అక్టోబరులో తుపాకీ పట్టే దొర కోసమా అన్నది ఆ కూలీని అడిగితే చెప్పేవాడు.

ఆ ఆలోచనే ఓడెక్కి మన దేశం వచ్చింది. 1887లో అడవి పక్షుల రక్షణ చట్టం, దాని చోటులో 1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చాయి. 1912 చట్టం పట్టికలో అడవి కోడి, కౌజు, నెమలి, ఫెజెంట్, పూరేడు, జిట్టకోడి అన్నీ ఉన్నాయి. వీటికి ప్రభుత్వం వేట నిషేధ కాలం ప్రకటించవచ్చు. స్వాతంత్ర్యం తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పూరేడు జాతులన్నిటినీ నాలుగో షెడ్యూలులో పెట్టారు. తర్వాత వేట దాదాపు పూర్తిగా నేరమైంది.

నేను ఈ చట్టానికి వ్యతిరేకిని కాను. ఇంకో మాట కూడా అనాలి, మన సభల్లో ఎవరూ అనరు కనుక నేనే అంటాను. మా ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. మగవాళ్లంతా వేటకి వెళ్లే పండగ. అడవి కోడి గుడ్ల మీద కూర్చునే రోజులు సరిగ్గా అవే. అడవి నిండుగా ఉన్నప్పుడు ఆ పండగ అడవికి బరువు కాలేదు. ఇప్పుడు అడవీ లేదు, కోడీ లేదు, పండగ మాత్రం ఉంది. దీన్ని గురించి మనలో మనం మాట్లాడుకోవాలి, గార్డు వచ్చి చెప్పేదాకా ఆగకూడదు. కాని చేను గట్టు మీద ఉచ్చు వేసిన కుర్రాడికీ తుపాకీతో జీపులో వచ్చిన వాడికీ ఒకే నేరం అంటగట్టి, మొదటివాడే ఎక్కువగా దొరకడం కూడా మనం చూస్తున్నదే.

ఈ చట్టంలో జపాను పూరేడు కూడా ఇరుక్కుంది. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కి ఈ పిట్టల్ని పరిశోధన కోసం తెచ్చారు. అక్కడినుంచి దేశమంతా పాకాయి. పూరేడు అనే పేరు షెడ్యూలులో ఉంది కనుక పెంచేవాడికి లైసెన్సు కావాలన్నారు. ప్రయోగశాలలో తరతరాలుగా పుట్టిన, ఎగరడం కూడా సరిగా రాని పిట్ట వన్యప్రాణి అయింది. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త లైసెన్సులు ఇవ్వొద్దంది. పెంపకందార్లు గోలపెట్టారు. 2013లో దాన్ని ఆ చట్టం నుంచి తప్పించారు. అదే 2013లో జపాను ప్రభుత్వం తమ అడవిలోని అదే పూరేడును వేటాడదగ్గ పక్షుల జాబితా నుంచి తీసేసింది, ఎందుకంటే అక్కడి పచ్చికబయళ్లలో అది అరుదైపోయింది. గూట్లో కోట్ల కొద్దీ, గడ్డిలో వెతికినా దొరకదు.

సంతలో చుక్కల గుడ్లు కనబడ్డ ఆ చలికాలం తర్వాత, మా ఊరి కుర్రాళ్లు నలుగురు కలిసి అప్పు చేసి ఒక చిన్న పూరేళ్ల షెడ్డు పెట్టారు. గుడ్లు పొదిగే పెట్టె కూడా కొన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. స్తంభాలు విరిగి కరెంటు పోయింది. మా వైపు చాలా రోజులు రాలేదు. షెడ్డు రేకులు లేచిపోయి పెద్ద పిట్టలు చాలావరకు పోయాయి. పెట్టెలో తొమ్మిది రోజుల గుడ్లు నలభై ఉన్నాయి. మర్నాడు వాళ్లు వాటిని గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చారు. ఆ రోజుల్లో అమ్మ దగ్గర రెండు పెట్టలు పొదుగు మీద ఉన్నాయి. వాటి కింది గుడ్లు ఎటూ తడిసిపోయాయి. అమ్మ వాటిని తీసేసి ఈ చుక్కల గుడ్లు సర్దింది. ఇంగ్లాండు వేటకాపరుల సంగతి నాకే అప్పటికి తెలియదు, అమ్మకెలా తెలుస్తుంది?

పెంకు పలుచన కనుక కొన్ని కోడి కాళ్ల కింద పగిలాయి. కొన్ని చల్లబడి చచ్చాయి. పదకొండు పిల్లలయ్యాయి. బొటనవేలంత పిల్లలు. పెట్ట క్లుక్కుమంటే కొన్ని వస్తాయి, కొన్ని రావు. గింజ చూపిస్తే పెట్ట ముక్కు కేసి చూడవు. ఆ బెంగతో అమ్మ రాత్రిళ్లు వాటిని పొయ్యి పక్కన వెచ్చని బూడిద దగ్గర బుట్టలో పెట్టేది. చివరికి ఐదు దక్కాయి, మూడు పెట్టలు, రెండు పుంజులు. వసారా చివర వెదురు గూట్లో ఉంచింది. కరెంటు వచ్చాక కూడా ఆ వైపు బల్బు లేదు.

లెక్కప్రకారం డిసెంబరు రెండో వారానికి గుడ్డుకి రావాలి. రాలేదు. కుర్రాళ్లు వచ్చి చూసి, దాణా సరిపోలేదన్నారు. పుష్యం వెళ్లింది, మాఘం వెళ్లింది. పుంజులు కూయలేదు. అమ్మ మాత్రం కంగారు పడలేదు, "ఇప్పుడే కదా వాటికి దీపం పీడ వదిలింది" అంది. శివరాత్రి వెళ్లిన రెండో వారంలో, పగలు పన్నెండు గంటలకి దగ్గరపడే రోజుల్లో, ఒక తెల్లవారుజామున పుంజు కూత వినబడింది. నాలుగు రోజులకి సాయంత్రం పూట మొదటి గుడ్డు. అడవిలో ఇప్పపువ్వు రాలడం అప్పుడే మొదలైంది.

మూడు పెట్టలూ రోజూ పెట్టాయి. ఒక్కటి కూడా కూర్చోలేదు. గూటి నిండా దొర్లిన గుడ్లను అమ్మ ఏరి, మచ్చల్ని బట్టి మూడు కుప్పలు చేసి, ఏ పెట్టది ఏదో నాకు చూపించింది. తర్వాత వాటిని ఒడిలో వేసుకుని, పొదుగుకొచ్చిన నాటు పెట్ట ఎవరింట్లో ఉందో అడగడానికి వెళ్లింది.